బండి చూసేదాకా ఉపవాసం

మా వైపు ఎవరింటికైనా ఏదైనా కొనడానికి వెళ్తే వస్తువు చూడడం తరవాత, ముందు భోజనం. వద్దంటే ఊరుకోరు. తిన్నాక ఆ వస్తువుకు వంక పెట్టడానికి మనకు నోరు రాదు. మా ఇంట్లో సగం సామాను ఇలా వచ్చి చేరినదే. పాలకొల్లు దగ్గర ఒకరింట్లో గుత్తివంకాయ కూర తిని తెచ్చుకున్న ఉయ్యాల బల్ల ఉంది, కూర్చుంటే ఒక పక్కకు ఒరిగిపోతుంది. కొవ్వూరులో ఎవరో పెసరట్టు ఉప్మా పెడితే మా బాబాయి మోసుకొచ్చిన గోడ గడియారం ఉంది. అది గంట కొట్టినప్పుడల్లా అసలు టైమెంతయిందోనని మేము ఫోను చూసుకుంటాం.

కిందటేడు మే నెలలో నేను ఒక జపాను బండి కొనుక్కోవాలని బయల్దేరాను. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. అక్కడి నుంచి ఓడలో దిగి, ఇక్కడ ఎవరో కొన్నేళ్లు వాడినది. చూసి పెట్టమని మా మెకానిక్ గారిని అడిగితే ఒకే ఒక్క షరతు పెట్టారు.

"బండి చూడ్డం అయ్యేదాకా వాళ్లింట్లో మంచినీళ్లు కూడా ముట్టుకోకూడదమ్మా. ఒప్పుకుంటేనే వస్తాను."

వెంటనే ఒప్పుకున్నాను. నా మాట మీద నాకే పెద్దగా నమ్మకం లేదు గానీ, ఆయన లేకుండా వెళ్లే ధైర్యం అంతకన్నా లేదు.

నేను పశువుల డాక్టరును. రాజమండ్రిలో ఉంటాను, పని చేసేది మాత్రం గోదారి మధ్యలో ఉన్న లంక ఊళ్లలో. నీళ్లున్నప్పుడు పడవ మీద వెళ్తాం. వరద తీశాక అసలు కష్టం మొదలవుతుంది. పడవ నడవడానికి నీళ్లు చాలవు, బండి నడవడానికి నేల చాలదు. మైలున్నర దూరం తడి ఇసక, బురద. ట్రాక్టర్లు మాత్రమే పోతాయి. వాటి కోసం గట్టు మీద నిలబడి, కనిపించిన ప్రతి ట్రాక్టరుకూ చెయ్యి ఊపడం నా ఉద్యోగంలో ఒక భాగమైపోయింది.

అంతకుముందు ఏడాది భాద్రపదంలో ఒక లంక నుంచి ఫోన్ వచ్చింది. కూలి పని చేసుకునే ఒక ముసలావిడకు ఒకే ఒక్క గేదె. ఈనబోతే దూడ అడ్డం తిరిగింది. నేను స్కూటర్ మీద బయల్దేరాను. అది ఇసకలో సగం దారిలో కూరుకుపోయింది. దాన్ని అక్కడే వదిలేసి, సంచీ భుజాన వేసుకుని, మోకాళ్ల దాకా బురదలో నడిచాను. వెళ్లేసరికి దూడా లేదు, గేదే లేదు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఎండన పడి వచ్చారంటూ పక్కింటికి వెళ్లి మజ్జిగ తెచ్చి గ్లాసులో పోసి ఇచ్చింది. నేను తాగలేకపోయాను. గ్లాసు అరుగు మీద పెట్టేసి, ఆవిడ మొహం చూడకుండా వచ్చేశాను. ఆ సిగ్గు చాలా రోజులు నన్ను వదల్లేదు. మళ్లీ వానలు పడేలోపు ఇసకలో ఆగని బండి కొనాలని ఆ రోజే అనుకున్నాను.

కొత్త బండ్లు నా జీతానికి అందేవి కావు. జపాను బండి మీద మనసు ఎందుకు పడిందంటే, రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన ఒకసారి నన్ను అలాంటి దాంట్లో ఎక్కించుకుని వెళ్లారు. బురదలో దిగిన గేదె ఎంత సుఖంగా ఉంటుందో ఆ బండి అంత సుఖంగా నడిచింది. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస. ఈ సంగతి మా బాబాయికి తెలిసింది. బాబాయి బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు ఆయన పనల్లా ఊరందరికీ అన్నీ కుదర్చడమే. పాలకొల్లు అవతల కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒకాయన దగ్గర అచ్చం అలాంటి బండి ఉందని వారం తిరక్కుండా కబురు తెచ్చారు.

మెకానిక్ గారి షెడ్డు కొవ్వూరులో. అరవై దాటిన మనిషి, లూథరన్ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం షెడ్డు తెరవరు కాబట్టి శనివారం పెట్టుకున్నాం. నేనూ బాబాయీ వంతెన దాటి వెళ్లేసరికి ఆయన తన చిన్న కారు దగ్గర సంచీతో సిద్ధంగా ఉన్నారు. సంచీలో ఏమున్నాయని అడిగాను. ఒక టార్చిలైటు, దారం కట్టిన అయస్కాంతం, చిన్న సుత్తి, తెల్ల జేబురుమాళ్లు, కింద పరుచుకోవడానికి పాత దుప్పటి. నా సంచీలో కన్నా తక్కువే ఉన్నాయి.

"అయస్కాంతం దేనికండి?" అన్నారు బాబాయి.

"రేకు మీద అతుక్కుంటే రేకేనండి. అతుక్కోకపోతే పుట్టీ. రంగు కింద ఏముందో కంటికి కనపడదు కదా."

దారి పొడుగునా ఆయన నాకు పాఠం చెబుతూనే ఉన్నారు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి చూడాలి. నాలుగు టైర్లూ ఒకే రకంవేనా, ఒకేలా అరిగాయా చూడాలి. స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పి మెల్లగా నడిపితే ముందు చక్రాల దగ్గర టకటకమంటుందేమో వినాలి. పరదేశం బండి కాబట్టి కస్టమ్స్ కాగితాల్లో నంబరూ, బండి మీద కొట్టిన నంబరూ ఒకటేనా చూడాలి. దీని సామాను ఇక్కడ దొరకదు, ఏ చిన్న ముక్క పోయినా నెలల తరబడి ఎదురు చూడాలి, అందుకే ముందే జాగ్రత్త పడాలి. అంతా విని నేను, "అంటే సంతలో గేదెను చూసినట్టే" అన్నాను. ఆయన నవ్వి, గేదె అయితే కనీసం తంతుంది, బండి అది కూడా చెయ్యదు అన్నారు.

కొబ్బరి వ్యాపారి గారు వీధి గుమ్మంలోనే ఎదురొచ్చారు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. "రండమ్మా రండి, రండి బాబాయిగారూ" అంటూ మా బాబాయి చెయ్యి పట్టుకున్నారు. అప్పటిదాకా వాళ్లిద్దరూ ఫోన్లో తప్ప కలుసుకోలేదు. ఇప్పుడు చూస్తే ఒకే కంచంలో తిని పెరిగినట్టున్నారు.

బండి కొబ్బరికాయల రాశి పక్కన, పాక కింద ఉంది. ముదురాకుపచ్చ రంగు. ఎత్తుగా, చదరంగా, ఏ వంపులూ లేకుండా ఉంది. కడిగి, తుడిచి, ముందు పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కట్టారు. లోపల నిమ్మవాసన సెంటు గుప్పుమంది. ఎండకు అడ్డం పెట్టుకునే రేకు మీద జపాను భాషలో ఏదో చీటీ అంటించి ఉంది. "అది మాత్రం పీకలేదండి, ఏదైనా మంత్రమేమోనని" అన్నారు వ్యాపారి గారు. మెకానిక్ గారు దాన్ని చూసి, టైర్లలో గాలి ఎంత కొట్టాలో రాసి ఉంటుందండి, అంకెలు మనవే కదా అన్నారు. నాకు మాత్రం ఆ చీటీతో సహా బండి తెగ నచ్చేసింది. లంక ఇసకలో దాన్ని తోలుకుంటూ వెళ్తున్నట్టు అప్పుడే కళ్లకు కట్టింది.

మెకానిక్ గారు బానెట్ మీద అరచెయ్యి పెట్టారు. జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచారు.

"ఇప్పుడే ఎక్కడికైనా వెళ్లొచ్చారాండి?"

"లేదండి. మీరు వస్తున్నారని ఓ అరగంట స్టార్ట్ చేసి ఉంచాను."

"అయితే చల్లబడేదాకా ఆగుదామండి" అన్నారు మెకానిక్ గారు నెమ్మదిగా.

ఆ ఒక్క మాటతో మా షరతు కొట్టుకుపోయింది. ఇంజను చల్లబడాలంటే రెండు గంటలు పడుతుంది. అప్పటికి టైము పన్నెండు. పన్నెండు గంటల వేళ, మే నెలలో, డెల్టాలో ఒకరింటి ముందు రెండు గంటలు ఊరికే నిలబడడం ఎవరి వల్ల అవుతుంది?

ముందు కొబ్బరిబొండాలు వచ్చాయి. నేను మెకానిక్ గారి వంక చూశాను. బాబాయి నా చెవిలో, "మంచినీళ్లు వద్దన్నారు గానీ బొండం వద్దనలేదుగా, తాగు" అన్నారు. తాగాను. ఆ తరవాత వ్యాపారి గారి భార్య బయటికొచ్చి, "ఆడకూతురు వస్తుందని తెలిసి పొద్దున్నే లేచి వండానమ్మా, కాళ్లు కడుక్కోండి" అన్నారు. నిజంగానే ఆవిడ మొహం పొయ్యి వేడికి కందిపోయి ఉంది. కాదనడం నాకు చేతకాలేదు.

"మీరూ రండి" అని వ్యాపారి గారు మెకానిక్ గారి భుజం మీద చెయ్యి వేశారు.

"ఈ రోజు నాకు ఉపవాసమండి."

"అయ్యో, ఉపవాస ప్రార్థనా? ఎందాకా అండి?"

"ఆయ్, ఇంకా కొంచెం సేపు ఉందండి. మీరు కానివ్వండి. ఈలోపు నేను కింద దూరి చూసుకుంటాను, మీకు అభ్యంతరం లేకపోతే."

"చూసేసుకోండి, విప్పేసుకోండి" అన్నారు వ్యాపారి గారు ధారాళంగా. మెకానిక్ గారు దుప్పటి పరుచుకుని బండి కిందికి వెళ్లిపోయారు. మా అందరినీ భోజనాలకు పంపించి బండిని ఒంటరిగా దొరకబుచ్చుకున్నారని నాకు అప్పుడు తట్టలేదు.

లోపల అరిటాకులు వేశారు. ముద్దపప్పు, కొత్తావకాయ, చింతచిగురు వేసి వండిన రొయ్యలు, పనసపొట్టు కూర, గడ్డపెరుగు. చింతచిగురు రొయ్యలు మూడోసారి వడ్డించేటప్పటికి నేను పూర్తిగా ఆ ఇంటి మనిషిని అయిపోయాను. నిజం చెప్పాలంటే, పెరుగన్నంలోకి వచ్చేసరికి నా నోటితో నేనే, "బండి చాలా బాగుందన్నయ్యగారూ" అనేశాను. అప్పటికి నేను దాని తలుపు కూడా సరిగ్గా తీసి చూడలేదు. బాబాయి ఇంకో అడుగు ముందుకేసి, "ఇంక చూసేదేముంది, మనదే అనుకోండి" అన్నారు. వ్యాపారి గారి కళ్లు చెమర్చాయి. ఆవిడ ఇంకొంచెం పెరుగు వేశారు.

మేము బయటికొచ్చేసరికి మెకానిక్ గారు లేచి నిలబడి చొక్కా దులుపుకుంటున్నారు. మొహంలో ఏమీ కనపడలేదు. ఇంజను చల్లబడింది, స్టార్ట్ చెయ్యమన్నారు. నేను ఎక్కి తాళం తిప్పాను. మొదటిసారి పలకలేదు. రెండోసారి మూలిగింది. నాలుగోసారికి తెల్లటి పొగ వదులుతూ అందుకుంది. ఆ తరవాత మాత్రం చక్కగా నడిచింది. పెరటి వెనక చెరువు పక్కన తడినేల ఉంటే అక్కడ దింపి చూశాం. గేరు పక్కనున్న చిన్న కర్ర లాగితే ముందు చక్రాలు కూడా పట్టుకుని బండి మట్టి చిమ్ముకుంటూ బయటికొచ్చేసింది. బాబాయి గట్టు మీద నిలబడి చప్పట్లు కొట్టారు. నేను సంతోషం పట్టలేక మెకానిక్ గారి వంక చూశాను.

"బానే లాగుతుందమ్మా" అన్నారాయన. "ఇప్పుడు మీ పక్క సీటు బెల్టు లాగండి."

లాగాను.

"అలా కాదు. ఇంక రాదన్నంత దాకా లాగండి."

బెల్టు చివరంటా వచ్చింది. పైన నల్లగా ఉన్న పట్టీ చివరి జానెడు ఎర్రగా ఉంది. వేలితో రాస్తే మొహానికి వేసుకునే పౌడరంత మెత్తటి మట్టి అంటుకుంది. అది ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఏటా శ్రావణంలో గోదారి ఎర్రబడి వచ్చినప్పుడు లంక ఊళ్లలో గుమ్మాల మీద, గాదెల కింద, గేదెల పొదుగుల మీద నేను చూసే ఒండ్రు అదే.

మెకానిక్ గారు జేబులోంచి తెల్ల రుమాలు తీసి విప్పారు. మధ్యలో పాలు ఎక్కువైన కాఫీ రంగు మరక ఉంది. వెనక చక్రాల మధ్యలో గుండులాగా ఉంటుందే, దాని బిరడా విప్పి లోపలి ఆయిల్లో వేలు ముంచితే వచ్చినదట. "ఆయిల్ ఆయిల్లా ఉండాలమ్మా. ఇందులో నీళ్లు కలిశాయి. ముందు ఇరుసులోనూ ఇంతే. సీట్ల కింద బోల్టులన్నీ తుప్పు. బండి వరదలో సీటు దాకా మునిగింది. ఎవరో కడిగి, ఆరబెట్టి, నడిపించారు. ఈ రోజు నడుస్తుంది, రేపూ నడుస్తుంది. వైర్లలోకి, బేరింగుల్లోకి దిగిన తడి మాత్రం ఎక్కడికీ పోదు. దానికి ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతుంది."

దానికి ఎక్కడ ఆగాలనిపిస్తుందో నాకు తెలుసు. గట్టుకూ లంకకూ మధ్య, ఇసకలో.

"ఆయనతో చెప్పండి మరి" అన్నాను గొంతు తగ్గించి.

"నేనెందుకమ్మా? కొనేది మీరు. తిన్నది కూడా మీరే."

పాక దగ్గరికి వచ్చేసరికి వ్యాపారి గారి భార్య ఒక చేత్తో పూతరేకుల పొట్లం, ఇంకో చేత్తో ఆవకాయ జాడీ పట్టుకుని నిలబడి ఉన్నారు. బాబాయి చేతిలో అప్పుడే తాళాలు ఉన్నాయి. "అడ్వాన్సూ గట్రా ఏమీ వద్దమ్మా" అంటున్నారు వ్యాపారి గారు. "బండి ఇవాళే తోలుకెళ్లిపోండి. నచ్చితేనే ఉంచుకోండి. మీరేమన్నా పరాయివాళ్లా?"

నేను నోరు తెరిచాను. మునిగిన బండి అనబోయి, "ఇంట్లో ఓ మాట అనుకుని ఫోన్ చేస్తామండి" అన్నాను. అనగానే నా మీద నాకు ఒళ్లు మండింది. ఫోన్ చేస్తామంటే ఏమవుతుందో నాకు తెలుసు. మర్నాడు ఆయన ఫోన్ చేస్తారు, ఎల్లుండి బాబాయి చేస్తారు, వారం తిరిగేసరికి ఈ బండి మా ఇంటి ముందు, ఉయ్యాల బల్లకూ గడియారానికీ తోడుగా ఉంటుంది.

ఆవిడ ఆవకాయ జాడీ నా చేతికిచ్చి, "ఏమీ అనుకోకపోతే మా గేదెను ఓసారి చూస్తారా డాక్టరమ్మా? మొన్న సంతలో కొనుక్కొచ్చారు ఈయన. రెండో ఈత అన్నారట. పాలు మాత్రం సరిగ్గా దిగట్లేదు" అన్నారు.

జాడీ బాబాయికిచ్చి గేదె దగ్గరికి వెళ్లాను. పెదవి ఎత్తి పళ్లు చూశాను. కొమ్ముల మొదట్లో వేళ్లతో తడిమాను. పొదుగు నాలుగు వైపులా నొక్కి చూశాను. రెండు నిమిషాలు పట్టింది.

"రెండో ఈత కాదు వదినగారూ. ఆరేడు ఈతలన్నా అయి ఉంటాయి. పళ్లు చూడండి ఎలా అరిగిపోయాయో. వయసు తెలియకుండా కొమ్ముల మీద గీతలు అరగదీశారు. పొదుగుకు ఎప్పుడో వాపు వచ్చి ఈ వెనక వైపు గట్టిపడిపోయింది. ఈ చన్నులో ఇంక పాలు రావు, మందులకు డబ్బులు తగలేసుకోకండి. అన్నయ్యగారికి అంటగట్టేశారు."

గుక్క తిప్పుకోకుండా చెప్పేసి వెనక్కి తిరిగాను. మెకానిక్ గారు పక్కనే నిలబడి, రుమాలు మడతపెట్టుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అన్నారు.

"గేదె దగ్గర లేని మొహమాటం బండి దగ్గర ఎందుకమ్మా?"

నాకు చెంప మీద ఒకటి వేసినట్టయింది. అరుగు మీద వదిలేసి వచ్చిన మజ్జిగ గ్లాసు గుర్తొచ్చింది. ఇక్కడ మంచిదాన్ని అనిపించుకుంటే అక్కడ ఇంకో గేదె చచ్చిపోతుంది, లెక్క అంతే.

"అన్నయ్యగారూ, బండీ అంతేనండి" అన్నాను. "ఇది మునిగిన బండండి. నేను తీసుకోలేను."

బాబాయికి పొలమారింది. ఆవిడ చేతిలో పూతరేకుల పొట్లం అలాగే ఉండిపోయింది. వ్యాపారి గారు నేరుగా బండి దగ్గరికి నడిచారు. నేను బెల్టు చివరంటా లాగి చూపించాను. ఆయన ఆ మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపారు. ఆయనా ఈ గోదారి నీళ్లు తాగి పెరిగిన మనిషే, ఇంక వివరం అక్కర్లేకపోయింది. బండి మెట్టు మీద అలా కూలబడ్డారు.

"పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ అవ్వదమ్మా. అది నాకు తెలుసు. అందుకే వేడి చేసి ఉంచాను, తప్పే" అన్నారు. "మునిగిందని మాత్రం నాకు తెలీదు. మా అబ్బాయి మీద ఒట్టు."

"కొన్నప్పుడు చూసుకోలేదాండి?" అన్నారు మెకానిక్ గారు.

ఆయన తల ఎత్తలేదు. "వాళ్లింట్లో భోజనం చేశానండి."

ఆయన వేళ్లకు అంటిన మట్టి దులుపుకున్నారు.

"పులస పులుసు పెట్టారండి. శ్రావణ మాసం. ముందురోజే కాచి, చల్లారాక మర్నాడు పెట్టారు. అది తిన్నాక ఏం చూస్తామండి?"

మొదట నవ్వింది ఆయన భార్య. పొట్లం కొంగుకు ఆనించుకుని, వంగిపోయి నవ్వారు. తరవాత బాబాయి. ఆఖరికి వ్యాపారి గారు కూడా. ఏ వరద నీళ్లలో ఆ బండి మునిగిందో ఆ వరదకే ఎదురొచ్చిన చేపను తిని ఆయన ఆ బండిని కొన్నారన్నమాట. నవ్వుతూనే నాకు ఆయన మీద జాలేసింది. నేను కూడా ఇందాక పెరుగన్నం దగ్గర బండి బాగుందని చెప్పినదాన్నే కదా.

నవ్వులు తగ్గాక మెకానిక్ గారు చేతులు తుడుచుకుని ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, నా ఉపవాసం అయిపోయింది. ఆ రొయ్యలు ఏమైనా మిగిలాయా?"

"ప్రార్థన అయిపోయిందా?" అన్నారు బాబాయి అనుమానంగా.

"బండి చూసేదాకా ఉంటానని పొద్దున్నే దేవుడితో చెప్పుకున్నానండి. నేనేమీ అబద్ధం ఆడలేదు."

ఆయన అరిటాకు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని స్తోత్రం చెప్పుకుని, రెండుసార్లు అన్నం పెట్టించుకుని, రొయ్యల గిన్నె ఖాళీ చేసి గానీ లేవలేదు. ఆవకాయ జాడీ, పూతరేకులు మాతోనే వచ్చాయి. బండి రాలేదు. కారు కదిలేటప్పుడు వ్యాపారి గారు కిటికీలోంచి వంగి, "ఇంక ఇది ఎవరికీ అమ్మనమ్మా, కాయలు తోలుకుంటాను" అన్నారు.

జూన్ రెండో వారంలో ఆయనే ఫోన్ చేశారు.

"అమ్మా, ఇంకో బండి ఉంది. ఈసారి నేను వెళ్లి బెల్టులన్నీ లాగి చూశాను."

"వాళ్లింట్లో ఏమైనా తిన్నారా అన్నయ్యగారూ?"

"మంచినీళ్లు కూడా తాగలేదమ్మా. వాళ్లకి బాగా కోపం వచ్చింది."

మేము ఆ బండిని ఎవరింట్లోనూ కాకుండా ఒక పెట్రోలు బంకు పక్కన చూశాం. పొద్దున్న ఏడింటికి, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. మెకానిక్ గారు మూడు గంటలు దాని కింద, పైన, లోపల ఉన్నారు. బూడిద రంగు. ఒక డోరు మీద సొట్ట. హారను కొడితే మేకపిల్ల అరిచినట్టుంటుంది. నాకు అసలు నచ్చలేదు. ఆయన రుమాలు విప్పి చూపించారు. దాని మీద తేనె రంగులో, తేటగా, ఆయిల్ ఉంది. కొన్నాను.

భాద్రపదంలో వరద తీసిన మూడో రోజు ఆ లంక నుంచే ఫోన్ వచ్చింది. ఆ ముసలావిడే. కూతురు తోలిచ్చిన గేదె, తొలిచూలు, పొద్దున్నుంచీ నొప్పులు పడుతోంది. గట్టు దిగేటప్పుడు చిన్న కర్ర లాగి, ఊపిరి బిగబట్టి ఇసకలోకి దించాను. నా స్కూటర్ ఆగిపోయిన చోటు నాకు బాగా గుర్తు. బండి అక్కడ ఒకసారి మూలిగింది. నేను పైకే తిట్టాను. మట్టి చిమ్ముకుంటూ ముందుకు పోయింది. పది నిమిషాల్లో ఆవిడ పాక ముందు ఉన్నాను.

దూడ ఒక కాలు వెనక్కి మడుచుకుని ఉంది. సరిచేసి లాగడానికి ముప్పావుగంట పట్టింది. ఆడది, పడ్డదూడ. గేదె వెనక్కి తిరిగి దాన్ని నాకుతుంటే నేను పాక స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయాను. ఆవిడ లోపలికి వెళ్లి గ్లాసుతో మజ్జిగ తెచ్చి నా ముందు నిలబడింది. ఇవ్వలేదు, అలాగే పట్టుకుని ఉంది.

"పోయినేడు తాగకుండా వెళ్లిపోయారు డాక్టరమ్మగారూ" అంది. "ఆలస్యంగా ఫోన్ చేయించానని నా మీద కోపం వచ్చిందేమో అనుకున్నాను. అందుకే ఈసారి పొద్దున్నే చేయించాను."

ఏడాది పాటు ఆ తప్పు తనదనుకుంటూ ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. చేతులు కూడా కడుక్కోకుండా గ్లాసు అందుకుని, గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఇంకో గ్లాసు పొయ్యమన్నాను.